ఫోనులో దొరికిన మాటలు

ఆసుపత్రి వార్డు. ఆయా, ఆమె తమ్ముడు. కిటికీ పక్క మంచం మీద ఒక పెద్దాయన. గుమ్మంలో స్ట్రెచర్.

"అక్కా, ఇదేం లిపే తల్లీ! చీమలకి సిరా పూసి వదిలినట్టుంది. నా టికెట్ మెసేజ్ ఎక్కడ?"

"ఆ పచ్చబొమ్మ నొక్కరా. ఈ పెద్దాయన వచ్చిన రోజే నా ఫోనంతా ఆయన భాషలోకి మార్చేశాను."

"ఎవరాయన?"

"ఓడలో వంట చేసేవాడట. కడుపునొప్పని దింపేశారు, ఓడ దారిన ఓడ పోయింది. ఆయన భాష ఇక్కడ ఒక్కరికీ రాదు."

"అందుకని నువ్వు నేర్చుకుంటున్నావా? అవతల నా బస్సు పోతోందే!"

"పోతే ఇంకోటి వస్తుంది. ఈయన్ని ఇప్పుడే ఆపరేషన్‌కి తీసుకెళ్ళాలి. మంచం దిగనంటున్నాడు. ఇంకాసేపు చూసి ఈయన బదులు వేరే రోగిని పిలిచేస్తానన్నారు డాక్టరుగారు. లోపల పుండు పగిలితే మనిషి దక్కడురా."

"అనువాదం చేసే యాప్ ఉందిగా?"

"పెట్టాం. ఆ గొంతు వినగానే గోడవైపు తిరిగిపోయాడు. మనిషి మాట కావాలి ఆయనకి."

"నీకొచ్చిన మాటలేంటో!"

"వెనక్కి. సరే. మళ్ళీ ప్రయత్నించండి. ఫోనులో కనిపించేవే, వేలుపెట్టి చూపిస్తే ఎలా పలకాలో ఆయనే చెప్పాడు. పాలు వద్దంటే 'బ్యాటరీ తక్కువగా ఉంది' అన్నాను. పకపకా నవ్వి గ్లాసు ఖాళీ చేశాడు."

"మరి ఇప్పుడూ ఏదో ఒకటి అను."

"అన్నీ అయిపోయాయి. 'వేచి ఉండండి' అంటే మంచం ఇంకా గట్టిగా పట్టుకున్నాడు. భయపడకు అనే మాట ఫోనులో ఎక్కడుంటుందిరా?"

"ఆయా! వస్తున్నాడా, లేదా?"

"వస్తున్నాడు సిస్టర్! ఒక్క నిమిషం!"

"దుప్పటి కింద ఏదో దాస్తున్నాడక్కా."

"ఆయన ఫోను. ఆపరేషన్ గదిలోకి అది తీసుకెళ్ళకూడదు. ఇందాక స్ట్రెచర్ తెచ్చినవాళ్ళు లాక్కోబోయారు. అప్పట్నుంచే ఈ మొండితనం."

"నువ్వు అడగొచ్చుగా."

"ఏ మాటతో అడగను? ఆగాగు. చెవిలో పెట్టుకునేది తగిలించగానే ఫోను పైన ఒక మాట వస్తుంది చూడు... పెద్దాయనా, ఇటు చూడండి. ఇటు. నా చెయ్యి పట్టుకోండి. ఆ, అదే... అదే."

"ఏమన్నావే? ఏడుస్తున్నాడు!"

"'కనెక్ట్ అయ్యింది' అన్నాను."

"అక్కా, మంచం వదిలేశాడు! ఫోను ఇస్తున్నాడు, తీసుకో, తీసుకో!"

"నువ్వు పట్టుకో, నేనీయన్ని లేపుతాను. నెమ్మదిగా, పెద్దాయనా, కంగారేం లేదు... సిస్టర్, వచ్చేస్తున్నాం! ఒరేయ్, ఆపెయ్యి దాన్ని."

"అక్కా..."

"చదవడం రాకపోతే ఎర్రబొమ్మ చూసి నొక్కరా!"

"చదువుతున్నానే. ఈయన ఫోనంతా మన భాషలో ఉంది."