ఓడ కిరాయి లేచిన వారం

"అత్తా, నేను అమ్మ కడుపులో ఉన్నప్పుడు నాన్న ఓడ సముద్రంలో ఆగిపోయిందటగా? అప్పుడేం జరిగింది?"

ఎవరు చెప్పారే నీకు? మీ నాన్నా? వాడికేం తెలుసు, వాడు నీళ్ళమీదున్నాడు. జరిగిందంతా ఇక్కడే, ఈ హఫీజ్‌పేటలో, ఈ ఇంట్లోనే. ఆ ఫోను అవతల పెట్టి కూర్చో, చెప్తాను.

మేం కాకినాడ నుంచి వచ్చి అప్పటికి ఏడాది... కాదు కాదు, రెండో ఏడు నడుస్తోంది. హైటెక్ సిటీ అని ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటున్నారు గానీ, అప్పుడక్కడ ఏముందీ, బండరాళ్ళూ సీతాఫలం చెట్లూనూ. మధ్యలో ఒక్క అద్దాల మేడ. ఈ ఇల్లు మాకు అద్దెకే ఇచ్చాడు కింద ఇంటాయన, పదిహేనొందలకి. కొన్నది తర్వాతలే. ఇప్పుడా డబ్బుకి స్కూటరు పెట్టుకునే చోటన్నా వస్తుందా? మా అత్తగారైతే, "రాళ్ళలో కాపరం పెట్టావేంట్రా" అని మీ మావయ్యని... సరేలే, ఆవిడ సంగతెత్తితే ఇవాళ్టికి తెమలదు.

మీ మావయ్య అంతకుముందు రేవులో చేశాడు కదా, ఓడల సంగతి తెలుసని మాదాపూర్‌లో ఒక కంపెనీ తీసుకుంది. చమురు మోసే పెద్ద ఓడలుంటాయి చూడూ, ట్యాంకర్లు. వాటి కిరాయి రేపు పెరుగుద్దా తగ్గుద్దా, ఇవాళే మాట్లాడేసుకుంటే మేలా, ఆగితే మేలా అని కంప్యూటర్లో లెక్కలు కట్టి పైదేశాల వాళ్ళకి పంపడం, అదీ ఉద్యోగం. నాకు బోధపడక అడిగితే, "మియాపూర్‌లో ఆటోలెక్కువై ఎక్కేవాళ్ళు తగ్గితే ఏమవుద్ది? అదే ఇదీను" అన్నాడు.

ఆ ఏడు ఓడలెక్కువ, సరుకు తక్కువ. మీ నాన్న అలాంటి ఓడలోనే పంపులు చూసేవాడు. దాని యజమాని ఎవడో మహానుభావుడు, కిరాయి తక్కువైనా ఏడాదికి ఒప్పందం చేసుకుంటామని వస్తే వద్దు పొమ్మన్నాడు. పెరుగుద్ది, ఆగుదాం అన్నాడు. ఆశకి అంతెక్కడుంది? దుబాయ్ అవతలెక్కడో ఖాళీ ఓడకి లంగరేసి కూర్చోబెట్టాడు. సరుకు దొరికేదాకా మనుషులు దిగడానికి లేదు, వేరేవాళ్ళని పంపడు. నెలలు గడిచిపోయాయి తల్లీ. ఎప్పుడన్నా కింద ఇంటాయనకి ఫోను చేసేవాడు మీ నాన్న, ముందు నేనూ, తర్వాత మీ అమ్మా మాట్లాడేవాళ్ళం. "తాగే నీళ్ళు కొలిచి పోస్తున్నారక్కా" అనేవాడు. ఒకసారి, "వంటవాడికి మతి చెడిందక్కా, ఖాళీ ట్యాంకులోకి తొంగిచూసి మాట్లాడుతున్నాడు, లోపల్నించి జవాబొస్తోందంటున్నాడు" అన్నాడు. గొంతు తగ్గించి, "నిన్న నాకూ వినపడింది" అన్నాడు. మీ అమ్మకి చెప్పలేదు. దానికప్పుడు ఏడోనెల, ఇక్కడ మా దగ్గరే ఉండేది. అయినా వాడి గొంతు తేడా దానికి తెలీదా ఏంటి, పెళ్ళాం కదా.

రోజూ మీ మావయ్య బస్సు దిగి రావడం పాపం, మీ అమ్మ మెట్లదగ్గరే ఎదురెళ్ళేది. "అన్నయ్యగారూ, కిరాయి లేచిందా?" "లేవలేదమ్మా." ఇదే వరస.

ఒకరోజు సరిగ్గా దీపాలవేళ, నేను దేవుడి దగ్గర ఒత్తి వెలిగిస్తున్నాను. మీ మావయ్య కాళ్ళు కడుక్కుంటూ, "ఏ ఓడో ఒకటి దెబ్బతింటే తప్ప ఈ కిరాయి కదలదు" అన్నాడు. అది ఆఫీసు మాట, వాళ్ళకి మామూలే. మీ అమ్మ చటుక్కున, "అయితే పోనివ్వండి! ఎవరిదో ఒకరిది మునిగిపోనీ, ఆయన వస్తే చాలు నాకు" అంది. అగ్గిపుల్ల పారేసి దాని నోరు మూశాను నేను. "ఛీ, సంధ్యవేళ అవేం మాటలే! తథాస్తు దేవతలు తిరుగుతుంటారు!" అని. అప్పటికే అది వెక్కివెక్కి ఏడుస్తోంది. దాని మనసు వెన్న, నీకు తెలీదూ?

మర్నాడు అదే వేళకి తలుపు తట్టారు. తీస్తే ఎవరో ఆవిడ, మీ అమ్మకన్నా కాస్త పెద్దది. ఒంటిమీద చీర ముద్దగా తడిసిపోయుంది. మండు వేసవే అది! బిందెడు నీళ్ళకి మన వీధిలో జుట్లు పట్టుకుంటుంటే, ఆవిడ చీరనుంచి నీళ్ళు కారుతున్నాయి. "దాహమమ్మా" అంది. మన కోస్తా మాటే. చెంబెడు నీళ్ళు గుక్క తిప్పుకోకుండా తాగింది. మీ అమ్మ కడుపుకేసి చూసి, "బెంగపడకు. మీ ఆయన వస్తాడు. మా ఆయనే రాడు" అని మెట్లు దిగిపోయింది. నేను వెనకే పరిగెత్తానా, వీధి ఈ కొసనుంచి ఆ కొసకి ఖాళీ. మెట్లమీద తడి మాత్రం ఉంది. వేలుతో అద్ది నాలిక మీద పెట్టుకున్నానే, నవ్వకు. ఉప్పు! కాకినాడ దాన్ని, సముద్రపు నీళ్ళు నాకు తెలీవూ?

ఆ మర్నాడు మీ మావయ్య మధ్యాన్నమే వచ్చేశాడు. ఆ పొద్దున్నే ఎక్కడో నడిసంద్రంలో పాత ట్యాంకరొకటి అంటుకుని మునిగిపోయిందట. విన్నావా, ఆ పొద్దున. ఆవిడొచ్చింది ముందురోజు సాయంత్రం! దాంతో రేవుల్లో పాత ఓడలన్నిటినీ తనిఖీకి ఆపేశారు, కొత్త ఓడలకి ఎగబడ్డారు, కిరాయి ఆకాశానికెళ్ళింది. మీ నాన్నది కొత్త ఓడ. వారం తిరక్కుండా లంగరెత్తారు.

"మునిగినదాంట్లో మనవాళ్ళెవరన్నా ఉన్నారా?" అనడిగాను. "ఒకడున్నాడట, మన తీరంవాడే" అన్నాడాయన. "పేరు చెప్పకండి అన్నయ్యగారూ" అని మీ అమ్మ చెవులు మూసేసుకుంది.

మీ నాన్న వచ్చాడు, చిక్కి సగమై. నువ్వు పుట్టావు. కిరాయంటావా, నెల తిరిగేసరికి మళ్ళీ పడిపోయింది, ఏమీ జరగనట్టే.

ఇప్పటికీ సంధ్యవేళ మీ అమ్మ తలుపు బార్లా తీసి కూర్చుంటే, లక్ష్మీదేవి కోసమనుకుంటారు ఇరుగుపొరుగు. లక్ష్మీ లేదు, ఏమీ లేదు. ఆవిడ కోసమే. "ఒక్కసారి వస్తే కాళ్ళు పట్టుకుని తప్పు చెప్పుకుంటాను వదినా" అంటుంది. "పిచ్చిదానా, నీ నోటిమాట సముద్రం వింటుందా?" అని తిడతాను. తిడతానే గానీ, తలుపు వెయ్యమని మాత్రం ఎప్పుడూ అన్లేదు.

ఇవాళ మీ అమ్మ ఊళ్ళో లేదాయె. పొద్దుగూకుతోంది, లే తల్లీ, వెళ్ళి తలుపు తియ్యి. ఎవరన్నా వస్తే ముందు మంచినీళ్ళివ్వు. మీ అమ్మ ఆవేళ అన్న మాట నువ్వెత్తకు, అది దాని నోటితోనే చెప్పుకోవాలి. వంగి దణ్ణం పెట్టు, చాలు. నూరేళ్ళు చల్లగా ఉండు నా తల్లీ. భయమెందుకే, నేనున్నాగా... తియ్యి.