ప్రశాంతమైన చోటు

అలా మొహం ముడుచుకుంటారేమిటి మేడం? మీరు చెప్పిందేగా చేశాను. కాస్త ఎక్కువ చేశాను, అంతే.

ఫ్రీ త్రో వేసే ముందు కళ్ళు మూసుకోండి, ఊపిరి నెమ్మదిగా వదలండి, మనసులో మీకు ప్రశాంతంగా ఉండే చోటికి వెళ్ళండి, తిరిగొచ్చి బంతి వెయ్యండి అన్నారు. వెళ్ళాను. తిరిగి రావడం దగ్గరే వచ్చింది చిక్కు.

కోచ్‌గారు గుమ్మం బయట పచార్లు చేస్తున్నారు, చూస్తూనే ఉన్నాను. రేపు ఫైనల్లో నన్ను ఆడించాలా వద్దా అనేది మీ మాట మీద ఉందట. మా బీమా ఆఫీసు ఆడవాళ్ళకి బాస్కెట్‌బాల్ జట్టంటూ పెట్టాక ఫైనల్‌కి రావడం ఇదే మొదలు. నాకా, నలభై దాటిపోయాయి. మళ్ళీ ఏడాదికి ఈ మోకాళ్ళు నా మాట వింటాయో లేదో. నాకు ఆడాలని ఉంది మేడం. సిగ్గు విడిచి చెప్తున్నాను.

నిన్న సెమీఫైనల్ మీరూ చూశారుగా. ఆట అయిపోవస్తోంది, ఒక్క పాయింటు వెనకున్నాం. నన్నెవరో తోసేస్తే రెండు ఫ్రీ త్రోలు ఇచ్చారు. మొదటిది పడింది, సమానమయ్యాం. రెండోది పడితే దాదాపు గెలిచినట్టే. రిఫరీ బంతి చేతికిచ్చాక ఐదు సెకన్లలో వెయ్యాలి, బడిపిల్లలకి కూడా తెలిసిన రూలు. నేను కళ్ళు మూసుకుని రాతిబొమ్మలా నిలబడిపోయాను. ఈల పడింది. బంతి వాళ్ళకి పోయింది. అదనపు సమయంలో మా పొడుగక్క నానా తంటాలూ పడి గెలిపించింది కాబట్టి సరిపోయింది, లేకపోతే నన్ను బస్సు ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. ఇప్పుడు మాత్రం ఏం, అందరూ కలిసి నాకు 'ధ్యానలక్ష్మి' అని పేరు పెట్టారు.

నా చోటు సముద్రం అని చెప్పాను కదా మీకు? అబద్ధం. మా జట్టులోని క్యాషియరు కొండ అంది, పొడుగక్క తోట అంది, నేనేం తక్కువ తిన్నానని సముద్రం అన్నాను. సముద్రానికి వెళ్ళిన ఒక్కసారీ అందరి చెప్పులకీ కాపలా కాశాను. అదేం ప్రశాంతత?

నా చోటు మా ఆఫీసు లిఫ్టు. నవ్వండి, ఫరవాలేదు. పోయినేడాది ఓ రోజు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల నేనొక్కదాన్నే. ఫోన్లో సిగ్నల్ లేదు. మొదట తలుపు బాదాను. తర్వాత, ఏమిటో, బాదడం మానేశాను. చెప్పులు విప్పి, క్లెయిము ఫైళ్ళు కింద వేసుకుని వాటి మీద కూర్చున్నాను. నన్నెవరూ పిలవలేదు. పిలిచే ఉంటారు, వినపడలేదు. మా ఆయన చొక్కా గుండీ, అత్తగారి మందులు, మేనేజరు సంతకాలు, అన్నీ తలుపు బయటే ఉండిపోయాయి. బాగుచేసేవాడు వచ్చి తలుపు తీసి "భయపడ్డారా అమ్మా?" అంటే "చాలా" అన్నాను. అప్పుడే ఎందుకొచ్చావయ్యా అని అడగలేనుగా.

మనసుకి శిక్షణ ఇస్తానని వచ్చారు. నా మనసు పెళ్ళైన రోజు నుంచీ పరుగులోనే ఉంది తల్లీ. మీరు దానికి కూర్చోవడం నేర్పారు. కూర్చుంది. లేవనంటోంది.

ఏమిటీ, టైము అయిపోతోందని నిజంగానే తెలియలేదా అంటారా? తెలియలేదనే చెప్పాను కోచ్‌గారికి. ఆయన నమ్మారు. మీరు నమ్మినట్టు లేరు.

సరే, వినండి. టైముకే తిరిగొచ్చాను. కళ్ళు తెరిచాను. రింగు ఎంత పెద్దగా కనిపించిందంటే, బిందె విసిరినా పడేది. హాలంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో గ్యాలరీలోంచి మా ఆయన గొంతు. "ఏమోయ్, ఇంటి తాళం నీ దగ్గరుందా?"

ఉంది. నా సంచీలోనే ఉంది. చెప్పడానికి నోరు కూడా తెరిచాను. చేతిలో బంతి, ఎదురుగా రింగు, చుట్టూ ఆఫీసంతా, నేను తాళం సంగతి చెప్పబోతున్నాను. చూడండి నా బతుకు.

అందుకని మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. తెలిసే మూసుకున్నాను. వెళ్ళి ఆ ఫైళ్ళ మీద కూర్చున్నాను. ఈల చక్కగా వినపడింది.

ఇక కోచ్‌గారికి ఏం చెప్తారో మీ ఇష్టం. ఆడనిస్తే మాత్రం, రేపు పొద్దున్నే ఆ తాళం మా ఆయన జేబులో వేసి వస్తాను. అప్పుడు ఇంకేదో అడుగుతారనుకోండి.