ఏ కొండెక్కినా కైలాసగిరే

జపాన్ నుంచి తిరిగొచ్చిన మర్నాడు, న్యూజిలాండ్‌లోని హెండర్సన్‌లో తమ ఇంట్లో భార్యాభర్తలు ఫోన్‌లో ఫొటోలు చూసుకుంటున్నారు. ఒక ఫొటో దగ్గర భర్త ఆగాడు.

"ఇదిగో, నాగసాకిలో ఆ కొండ మీద పార్కు! కింద ఊరు, పక్కన సముద్రం. అచ్చం మన వైజాగ్ కైలాసగిరే."

"అక్కడా ఇదే పాట. రోప్‌వే ఎక్కేప్పుడోసారి, దిగేప్పుడోసారి."

"నిజమే కదా మరి?"

"ఇక్కడ మౌంట్ ఈడెన్ గుట్ట ఎక్కినా కైలాసగిరే అంటారు. మీతో తిరగడానికి ఫ్లైట్ టికెట్లు దండగ."

"పెళ్లికి ముందు నిన్ను తీసుకెళ్లిన కొండ. మర్చిపోమంటావా?"

"ఆరోజు ఏమన్నారు? 'ఇదేం కొండ! న్యూజిలాండ్‌లో ఇంతకన్నా మంచివి చూపిస్తా, వస్తావా?' అన్నారు."

"పాపం, నమ్మి వచ్చేశావు."

"కొండల కోసం వచ్చాననుకున్నారా?"