అద్దంలోంచి చూసిన బ్యూరెట్టు

కెమిస్ట్రీ ల్యాబులో ప్రాక్టికల్ పరీక్ష. బల్లకు అటు వేరే కాలేజీ నుంచి వచ్చిన ఎగ్జామినరు, ఇటు మొదటి నంబరు విద్యార్థిని, పక్కన ఆ కాలేజీ లెక్చరరు.

“అదికాదమ్మాయ్, సూటిగా చెప్పు. ఇది బీకరు. దేనికి?”

“దేనికి వాడాలో చెప్పనా సార్, మేం దేనికి వాడతామో చెప్పనా?”

“రెండూ ఒకటే కదా?”

“ఒకటే సార్, ఒకటే! పిల్ల కంగారు పడుతోంది. వాడాల్సింది చెప్పవే, వాడాల్సింది!”

“మీరుండండి లెక్చరర్ గారూ. రెండూ చెప్పమ్మా.”

“ద్రావణాలు పోసుకోడానికి, కలపడానికి, వేడిచెయ్యడానికి సార్. గీతలుంటాయి గానీ కొలతకి వాటిని నమ్మకూడదు. మా దగ్గరైతే ప్రిన్సిపాల్ గారి పెన్నులకి.”

“పెన్నులకా!”

“ఒక్కటే సార్, అంచు విరిగిందని...”

“రెండు, మాస్టారూ. రెండోదాంట్లో ఎర్ర పెన్నులు.”

“ఊఁ. తరవాత... ఈ మూడు కాళ్ళది?”

“ట్రైపాడ్ స్టాండు సార్. పైన తీగల వల వేసి, వల మీద గాజు సామాను పెట్టి, కింద బర్నర్ వెలిగిస్తారు. వల ఉంటే సెగ ఒక్కచోటే తగలదు, గాజు చిట్లదు. ఆఫీసులో దీనిమీద కాఫీ కాస్తారు.”

“ఎప్పుడో ఒకసారి సార్! అక్కడి స్టవ్వు పాడైనప్పుడు...”

“ఎన్నాళ్ళయింది పాడై?”

“నేను ఉద్యోగంలో చేరకముందే సార్.”

“సరే. గరాటు?”

“వడపోత కాగితం మడిచి పెట్టి, ద్రావణంలోంచి మడ్డి వేరుచెయ్యడానికి సార్. ఇక్కడ జనరేటర్లో డీజిల్ పొయ్యడానికి. వాసన చూడండి.”

“వద్దొద్దు. ఈ మూతున్న పెద్ద గాజు పాత్ర?”

“డెసికేటరు సార్. అడుగున తేమ పీల్చేసే మందుంటుంది. లోపల ఏం పెట్టినా పొడిగా ఉంటుంది. దీన్ని మాత్రం సరిగ్గానే వాడుతున్నాం.”

“చూశారా సార్! చూశారా! చెప్పమ్మా, గట్టిగా చెప్పు!”

“ప్రిన్సిపాల్ గారి బిస్కెట్లు సార్. వానల్లో కూడా కరకరలాడతాయి.”

“నా కొంప ముంచావే తల్లీ.”

“మరి అబద్ధం చెప్పమంటారా మాస్టారూ?”

“అబద్ధం చెప్పమన్నానా? అన్నీ చెప్పమన్నానా?”

“ష్! లిస్టులో ఇంకోటుంది. బ్యూరెట్టు.”

“పొడుగాటి గాజు గొట్టం సార్. కింద తిప్పే మర ఉంటుంది. చుక్క చుక్కగా వదిలి, ఎంత పట్టిందో కచ్చితంగా చూసుకోవచ్చు.”

“మీరు దేనికి వాడతారు?”

“వాడం సార్. చూస్తాం.”

“చూడ్డమేంటి?”

“బీరువా అద్దంలోంచి. సోమవారం సోమవారం.”

“లెక్చరర్ గారూ!”

“ఏం చెయ్యను సార్? మూడుండేవి. రెండు పగిలాయి, మళ్ళీ తెప్పించలేదు. ఇదీ పోతే పిల్లలకి చూపించడానికైనా ఏం మిగులుతుంది? అందుకే బోర్డు మీద బొమ్మ గీసి చెబుతాను. బొమ్మ బాగా గీస్తాను సార్.”

“అది నిజం సార్. చుక్క ఇప్పుడే పడిపోతుందేమో అనిపిస్తుంది.”

“బొమ్మలు కాదు. లిస్టులో ‘ప్రయోగం చేయించవలెను’ అని ఉంది. చేయించాల్సిందే. బీరువా తియ్యండి.”

“తాళంచెవి గుమాస్తా దగ్గర... ఆయనేమో సెలవు...”

“మీ మెళ్ళో ఉంది మాస్టారూ.”

“ఇది... ఇంటిది.”

“మాస్టారూ, నేను మందుల కంపెనీ ల్యాబులో చేరాలనుకుంటున్నా. రేపు వాళ్ళు బ్యూరెట్టు చేతికిస్తే, అద్దంలోంచి చూశానండీ అని చెప్పనా?”

“అబ్బ... పగిలిందో, నా ప్రాణం పోయినట్టే. ఇదిగో, పట్టుకో. రెండు చేతులా! స్టాండుకి బిగించు. క్షారం పొయ్యి, సున్నా దాకా... ఆ గరాటు కాదే, డీజిలుది!”

“ఇప్పుడు పిపెట్టేగా మాస్టారూ?”

“ఆఁ, ఒకే కొలతగా తియ్యడానికి. నోటితో పీల్చకు, రబ్బరు బంతి తగిలించు. ఆమ్లం సరిగ్గా గీత దాకా... చాలు. ఫ్లాస్కులో వదులు. రంగు చూపించే ఫినాఫ్తలీన్ రెండు చుక్కలెయ్యి.”

“వేశాను మాస్టారూ.”

“ఊఁ, ఇక మర మెల్లగా తిప్పు. రెండో చేత్తో ఫ్లాస్కు ఊపుతూ ఉండు. ఊపు, ఊపు!”

“గులాబి రంగొచ్చింది!”

“ఆగు, పోతుంది చూడు... పోయింది. ఇంకో చుక్క.”

“మళ్ళీ పోయింది.”

“ఇప్పుడు అరచుక్క. అరచుక్కంతే!”

“అరచుక్క ఎలా మాస్టారూ?”

“కొసన వేలాడనిచ్చి, ఫ్లాస్కు గోడకి తాకించు. నీళ్ళ సీసాతో కిందికి కడిగెయ్యి.”

“నిలబడింది... మాస్టారూ, నిలబడింది! పోవట్లేదు!”

“చూశారా సార్, ఎంత లేతగా వచ్చిందో! తొమ్మిదేళ్ళయింది సార్ నేనీ రంగు చూసి. సుద్దముక్కతో ఎంత రుద్దినా ఇది రాదు సార్, రాదు!”

“ఏడుస్తున్నారా మాస్టారూ?”

“క్షారం వాసనే. రీడింగు చూడు, రీడింగు! కన్ను ఎదురుగా పెట్టు. ద్రావణం వంపు అడుగు ఏ గీత మీదుంది?”

“పంతొమ్మిది పాయింటు ఆరు. సరిపోయిందా సార్?”

“ఊఁ... సరిపోయిందా లెక్చరర్ గారూ?”

“నన్నడుగుతారేంటి సార్? మార్కులెయ్యాల్సింది మీరు.”

“చూస్తూనే ఉన్నానండీ. అందంగా ఉంది.”

“అందం కాదు సార్, అంకె!”

“ఆ తలుపు వెయ్యండోసారి.”

“వేశాను. రిపోర్టు రాసేస్తారా సార్? పిల్ల తప్పేం లేదు సార్, ఏం రాసినా నామీదే రాయండి.”

“రాయడానికి నాకేం తెలుసండీ? నేను చరిత్ర పాఠాలు చెప్పుకునేవాణ్ణి. కెమిస్ట్రీ ఆయనకి జ్వరమొస్తే, ఈ లిస్టు చేతిలో పెట్టి నన్ను తోలారు. అమ్మాయ్, ఆ రంగు ఎందుకొచ్చిందో నెమ్మదిగా చెప్పమ్మా, రాసుకుంటా. బయట ఇంకా ముప్ఫైతొమ్మిది మంది ఉన్నారు.”