కుడి పలక పైకి

భోజనాల బల్ల మీద నిన్న కూలిన మోడల్ విమానం ఉంది. ముక్కు అతికించారు, రెక్క ఇంకా బిగించలేదు. విమానాన్ని కుడికీ ఎడమకీ వాల్చే రెండు చిన్న పలకలు ఆ రెక్క వెనక అంచున ఉన్నాయి. బల్ల చుట్టూ ముగ్గురు: దాన్ని నడిపినాయన, ఆయన భార్య, ఆమె తమ్ముడు.

"మళ్ళీ చెప్తున్నా బావా. పలకలు కదిపే సర్వో మోటార్ నేను సరిగ్గానే బిగించాను."

"సరిగ్గా బిగిస్తే, కుడికి తిప్పింది ఎడమకెందుకు పడిందిరా? జనం కూర్చున్న చోటు మీదికే వచ్చింది. క్లబ్బు చైర్మన్ గారి తల్లి కుర్చీ పక్కనే పడింది."

"తెలుసు. ఆవిణ్ణి లేపి నిలబెట్టింది నేనే."

"ఏమండీ, ముందు ఇద్దరూ భోజనం చెయ్యండి. పొద్దున్నుంచీ ఇదే పాట."

"భోజనం తర్వాతక్కా. ఇంకాసేపట్లో చైర్మన్ ఫోన్ చేస్తాడు. బావ 'రిపేరు తప్పు' అన్నాడంటే క్లబ్బు వర్క్‌షాపు నుంచి నన్ను పంపించేస్తారు. మా ఇల్లు గడిచేది ఆ పనితోనే."

"నడిపినవాడి తప్పంటే నాకు మైదానం గేటు మూసేస్తారు. ఈ జన్మకి మళ్ళీ తెరవరు. అదీ చెప్పు మీ అక్కకి."

"అందుకే కదా, నిజమేంటో చూద్దామని దీన్ని మోసుకొచ్చి అతికించింది. రెక్క పట్టుకో బావా, బోల్టు బిగిస్తాను."

"వైరు నలిగిపోతుంది, చూసుకో."

"చూసుకునే పెట్టాను. ఈ పలకలకి ఇంత వెడల్పు ఎర్ర టేపు ఎందుకు బావా? దెబ్బ తగిలితే కట్టు కట్టినట్టుంది. బరువు దండగ."

"అందంగా ఉంటుందని."

"నీకు అందం సంగతి ఎప్పట్నుంచి?"

"మీ అక్కని చేసుకున్నప్పట్నుంచి. బోల్టు సంగతి చూడు."

"బాగుంది వరస. తిట్లు వాడికి, పొగడ్తలు నాకు."

"విను బావా. ఈ రెండు పలకలూ ఒక్క సర్వో మీదే ఆడతాయి. పాతది కాలిపోతే కొత్తది వేశాను. కొత్తది పాతదానికి ఎదురు తిరుగుతుంది, రిమోట్‌లో రివర్స్ పెట్టుకోమని చెప్పాను."

"చెప్పలేదు."

"చెప్పాను. నువ్వప్పుడు జిగురు డబ్బా మూత కోసం బల్ల కింద దూరావు."

"చెప్పావేమో."

"ఏమో కాదు."

"సరే, చెప్పావు. మర్చిపోయాను. అయితే ఏంటి?"

"అయితే ఏం లేదు, మనిషన్నాక మర్చిపోతాడు. అందుకే కదా ఎగరేసే ముందు చెక్ చేసేది. రిమోట్ మీద కర్ర నెట్టేది ఒకరు, తోక పట్టుకుని పలకలు చూసి చెప్పేది ఇంకొకరు. కుడికి నెడితే కుడి పలక పైకి లేవాలి. నిన్న చెక్ చేశారా, లేదా?"

"చేశాం."

"ఆ, తోక పట్టుకుని చెప్పింది నేనేగా తమ్ముడూ. ఎప్పుడూ నేనే కదా."

"మరి తిరగబడి ఉంటే అప్పుడెందుకు దొరకలేదు?"

"వదిలెయ్."

"ఎలా వదిలెయ్యను?"

"వదిలెయ్ అన్నానా. గాల్లో వైరు ఊడి ఉంటుంది."

"వైరు ఊడితే పలక ఆగిపోతుంది బావా, తిరగబడదు. నాకా మాట నేర్పిందే నువ్వు."

"నేర్పినందుకు నాకే అప్పజెప్తున్నావు."

"నిన్న చేసినట్టే ఇక్కడ చేసి చూద్దాం. రిమోట్ తీసుకో. అక్కా, నువ్వు తోక పట్టుకో."

"ఎందుకురా మళ్ళీ?"

"తను అలసిపోయింది. పొద్దున్నుంచీ నుంచునే ఉంది. ఇంక చాలు."

"నేనూ అలసిపోయాను బావా. ఒక్కసారి చేస్తే అయిపోతుంది."

"కానివ్వండి, వాడి సరదా తీరుతుంది. ఊఁ, పట్టుకున్నాను."

"బావా, కుడికి నెట్టు."

"నెట్టాను."

"కుడి పలక పైకి. ఎడమది కిందకి."

"ఇప్పుడు ఎడమకి."

"ఎడమకి."

"ఎడమ పలక పైకి. కుడిది కిందకి. అంతా బాగానే ఉంది. నిన్నా ఇదే చెప్పాను. ఇంక లేచి చేతులు కడుక్కోండి."

"అక్కా."

"ఏంటి?"

"విమానం బ్యాటరీ నా జేబులో ఉంది."

"అంటే?"

"పలకలు కదల్లేదక్కా."

"ఒరేయ్. సొంత అక్కకే పెడతావా ఈ పరీక్ష."

"ఎన్నాళ్ళ నుంచి కనపడటం లేదక్కా?"

"పోయిన వానల ముందు నుంచి. నడిమధ్యలో పొగ పెట్టినట్టు ఉంటుంది, పక్కలు బాగానే కనిపిస్తాయి. వండుతాను, నడుస్తాను. ఎగిరేదాన్ని చప్పుడుతో పోల్చుకుంటాను."

"మరి పలకలు?"

"ఎన్నేళ్ళుగా ఒకటే మాట కదరా, నోటికొచ్చేసింది. ఆయన పెట్టింది ఎప్పుడైనా తప్పిందా?"

"డాక్టరుకి చూపించకుండా, ఎవరికీ చెప్పకుండా..."

"చెబితే నన్ను మైదానానికి రానిస్తారా? ఇంట్లో కూర్చోమంటారు. ఈయన నాతో మాట్లాడేదే అక్కడ. ఇంట్లో ఉంటే జిగురు డబ్బాతో మాట్లాడతారు. ఏమండీ, ఓ మాట అనండి. తిట్టండి పోనీ."

"ఏమనను?"

"బావా, ఫోను. చైర్మనే."

"ఏమండీ, నా పేరు చెప్పండి. వాడి పొట్ట కొట్టకండి."

"వద్దు బావా. కనిపించని మనిషి చూసి చెప్పిందని క్లబ్బంతా నవ్వుతారు అక్కని. రిపేరు తప్పనే చెప్పు. నేనింకో చోట చూసుకుంటాను."

"ఇలా ఇవ్వు ఫోను. ఇద్దరూ కాసేపు నోరు మూసుకోండి. హలో... ఆ, నేనే. అమ్మగారెలా ఉన్నారు? ...అవునవును, భయమే మరి. ...ఆ, తేలిందండీ. మా బావమరిది పనిలో తప్పేం లేదు, ముందు అది రాసుకోండి. ...చెక్ చేశాం. పలకలు చూసి చెప్పింది మా ఆవిడ. ఆవిడకి చూపు ఆనడం లేదు."

"అయ్యో, చెప్పేశారు."

"ఆగవే. ...లేదండీ, తప్పు ఆవిడది కాదు. ఆవిడకి కనిపించడం లేదని నాకెప్పుడో తెలుసు. పలకలకి ఎర్ర టేపు వేసింది అందుకే, అదైనా ఆనుతుందేమోనని. ...ఆ, నేనొక్కసారి వంగి చూస్తే సరిపోయేది. కానీ చూశానంటే, నాకు తెలిసిపోయిందని ఆవిడకి తెలిసిపోతుంది. ఇంక మైదానానికి రాదు. అందుకని చూడలేదు. ...అవును, తెలిసే ఎగరేశాను. ఎవరి పేరు రాయాలనా? నాదేనండీ. నా ఒక్కడిదే రాయండి."