పక్క సీట్లో కండక్టరు

పరదేశం. పొద్దుటి పూట, రద్దీ రోడ్డు. కారు నడుపుతున్నది మామగారు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి. పక్క సీట్లో కోడలు. పది గంటలకు ఆమెకు డ్రైవింగ్ పరీక్ష.

"మళ్ళీ నోరు మూసుకున్నావ్. చెప్పు, ముందేముంది?"

"ఎర్ర లైటు, మామయ్యా."

"ఎంత దూరంలో?"

"మన ముందు రెండు కార్లు ఆగాయి. మెల్లగా... ఆపండి, ఆపండి! అంత దగ్గరికెళ్ళి ఆపారేంటి, కొంచెముంటే గుద్దేసేవాళ్ళం."

"బస్సు తోలిన కాలు. బ్రేకు అలాగే పడుతుంది. నువ్వు చెబుతూ ఉండు. సర్వీసంతా కండక్టరు రైట్ రైట్ అంటే గానీ బండి కదిలించినవాణ్ణి కాదు నేను. నీకూ పరీక్షకి అలవాటవుతుంది."

"పరీక్షలో చేతులు పనిచేస్తే చాలు మామయ్యా, నోరు అక్కర్లేదు."

"పెద్దవాణ్ణి చెబుతున్నా, చెప్పమంటే చెప్పాలి."

"సరే. పచ్చ లైటు పడింది."

"మరి అనవేం?"

"రైట్ రైట్."

"అదీ! ఇక ఎటు?"

"పెట్రోలు బంకు దాటాక కుడికి."

"బంకు రాగానే చెప్పు."

"అదిగో, ఇంత పెద్ద బోర్డు పెట్టుకుంటే..."

"చెప్పమన్నానా?"

"వచ్చింది, తిరగండి. అబ్బ, ఎండ సూటిగా మొహం మీదే కొడుతోంది."

"విచిత్రం కాకపోతే, ఇక్కడ కాపురమున్న నా కొడుకు లైసెన్సు చెల్లదు, చుట్టపుచూపుగా వచ్చిన నాది చెల్లుతుంది!"

"ఇక్కడ కాపురముంటే మన లైసెన్సు ఆర్నెల్లే మామయ్యా. ఆ తర్వాత పరీక్ష పాసై ఇక్కడిది తెచ్చుకోవాలి. మీ అబ్బాయి రెండుసార్లు తప్పారు కదా. మీరు విజిటరు. మన లైసెన్సూ, దానితోపాటు ఇంటర్నేషనల్ పర్మిటూ ఉన్నాయి కాబట్టి తోలొచ్చు."

"మరి నువ్వు తోలితే? నేను పక్కన కూర్చుంటా."

"ఎన్నిసార్లు చెప్పాలి! నాది లెర్నరు. పక్కన ఇక్కడి లైసెన్సున్న మనిషే ఉండాలి. మీరు పనికిరారు. పట్టుకున్నారంటే లెర్నరు కూడా ఊడుతుంది."

"ఊరికే అడిగాలే."

"పొద్దుట్నుంచీ ఊరికే అడుగుతూనే ఉన్నారు. నడపడం ఇష్టం లేకపోతే ముందే చెప్పాల్సింది. ఎదురింటి నర్సు తీసుకెళ్తానంది. మీరేగా, ఇంట్లో డ్రైవరుండగా పరాయివాళ్ళ కాళ్ళు పట్టుకోవడమేంటి అని గంతులేశారు?"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. కొండదారిలో, జోరువానలో, వైపర్లు పనిచెయ్యని బస్సు తోలినవాణ్ణి. ఈ అద్దంలాంటి రోడ్డు నాకో లెక్కా?"

"లెక్క కాకపోతే ఆ మధ్య గీత మీద ఎందుకు పోతున్నారు? ఇటు జరగండి. ఇంకొంచెం. కోప్పడకండి మామయ్యా, నా భయం నాది. ఇవాళ తప్పితే మళ్ళీ వేసవి దాకా తేదీ లేదు. ఇళ్ళకెళ్ళి రోగుల్ని చూసుకునే ఉద్యోగం, కారు నడపడం రానిదాన్ని ఎవరు పెట్టుకుంటారు? ఈ నెలాఖరు దాకా ఆగుతామన్నారు, అంతే. మీ అబ్బాయికి పని పోయింది. ఇప్పుడు నా వీసా మీదే ముగ్గురం ఇక్కడ నిలబడ్డాం."

"నాకు తెలీదా అమ్మా? తెలిసేగా ఈ సీట్లో కూర్చున్నాను."

"ఫోను. మీ అబ్బాయే. హలో, చెప్పండి. ఆఁ, దారిలోనే ఉన్నాం. పాప మందు తాగిందా? లేదండీ, మామయ్య మెల్లగానే నడుపుతున్నారు."

"అమ్మాయ్, ముందేముంది?"

"ఒక్క నిమిషం మామయ్యా. ఆ సిరప్పు కాదండీ, చిన్న సీసా. పై అరలో చూడండి. పైన, డబ్బా వెనకాల..."

"అమ్మాయ్."

"అదే, నీలం మూత... మామయ్యా! మనిషి! ఆపండి!"

"ఏదీ? ఎక్కడ?"

"బ్రేకు, బ్రేకు!"

"ఆపా. ఆపానమ్మా. తగిలిందా?"

"లేదు. లేదు... చేతికర్ర కిందపడిందంతే. పాపం ముసలావిడ, తెల్లచారల మీద నడుస్తోంది. ఎవరో కర్ర తీసిస్తున్నారు."

"నువ్వు చెప్పలేదేం?"

"నేను చెప్పేదేంటి! కళ్ళెదురుగా మనిషి నడుస్తుంటే..."

"ఫోనులో పడ్డావ్. అందుకే చెప్పలేదు."

"మీకు కనపడలేదా?"

"ఎండమ్మా. ఎండ కళ్ళల్లో కొడితే ఎవరికైనా అంతే."

"అయిపోయింది. పోలీసు వస్తున్నాడు."

"ఎటునుంచి?"

"మీ కిటికీ దగ్గరికే. అద్దం దించండి. కాగితాలేవీ?"

"చొక్కా జేబులో. నువ్వే తీసివ్వు, ఏది ఏ కాగితమో నాకు తెలీదు."

"గుడ్ మార్నింగ్ సర్. మా మామగారు. వారికి ఈ భాష రాదు... అవును సర్, విజిటరే. ఇది పాస్‌పోర్టు, ఈ మధ్యే వచ్చారు. ఇది వాళ్ళ లైసెన్సు, ఇది పర్మిటు."

"ఏమంటున్నాడు?"

"ఆగండి. తేదీలు చూస్తున్నాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాడు. మామయ్యా, ఇవి మీరు ఆఫీసుకెళ్ళే తెచ్చుకున్నారుగా?"

"ఆఫీసు గడప తొక్కలేదు. రెన్యువలూ, పర్మిటూ అన్నీ ఏజెంటే ఇంటికి తెచ్చిచ్చాడు. డాక్టరు సర్టిఫికెట్టు కూడా."

"డాక్టరు మిమ్మల్ని చూడకుండానే?"

"మెల్లగా మాట్లాడు."

"మన మాట ఆయనకేం అర్థమవుతుంది?"

"మెల్లగా మాట్లాడమంటున్నానా!"

"సర్? అవును సర్... సారీ సర్. తప్పకుండా చెబుతాను. థాంక్యూ, థాంక్యూ సర్... మామయ్యా, వదిలేశాడు!"

"నిజంగా?"

"కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయట, ఒక్క వంక కూడా లేదట. ఎండలో చూసుకుని నడపమన్నాడు. ఆ ముసలావిడ కూడా పోనిమ్మందట. ఇంకా టైముంది మామయ్యా! పరీక్ష సెంటరు ఈ రోడ్డు చివరే."

"హమ్మయ్య. బతికించాడు."

"బంగారంలాంటి మనిషి, మనకోసం అటూ ఇటూ బండ్లు ఆపించాడు. పదండి."

"ఊఁ."

"పదండి మామయ్యా, రమ్మని చెయ్యి ఊపుతున్నాడు."

"నువ్వు రైట్ రైట్ అనలేదుగా?"

"ఎదురుగా నిలబడి ఆయనే పిలుస్తుంటే నేననేదేంటి? ఆయన్ని చూసి పోనివ్వండి... మామయ్యా? ఏంటలా కూర్చున్నారు? ఇటు చూడండి. అటు కాదు, నా వైపు. నా మొహం చూడండి."

"చూస్తూనే ఉన్నానమ్మా."

"మామయ్యా..."

"ఏడవకు. నీ పరీక్ష నేను పోనివ్వను. ఆ పోలీసాయన ఏ పక్కన నిలబడ్డాడో అదొక్కటి చెప్పు, తగలకుండా బండి తీసేస్తా."