జ్వరంలో ఇచ్చిన మాట

1964. బోధన్ దగ్గరి ఒక పల్లె. హైస్కూల్లో చరిత్ర చెప్పి రిటైరైన లింబయ్య, ఆయన భార్య విమలమ్మ, తాంబూలం పట్టుకొచ్చిన రైతు హన్మండ్లు.

"చెయ్యి సాపుండ్రి సారూ. ఎంతసేపని పట్టుకోని నిలవడాలె?"

"కూసో హన్మండ్లూ. నిలవడుమని ఎవరన్నరు?"

"కూసుంటె మీరు ముచ్చట్లల వెడ్తరు. తాంబూలం తీస్కుంటె సర్పంచ్‌కు ఒప్పుకున్నట్టు. గంతే పని."

"గంతే అంటడు సూడు! ఆయనకు అరవై నిండినయి తమ్మీ. నాలుగు మెట్లెక్కితె ఆయాసం."

"జర ఆగు విమలా. మన ఊరి దొర, పటేల్ నిజంగ అన్నడా?"

"నా చెవులార ఇన్న. పదకొండు రోజుల జరం. సస్తననుకున్నడు. 'లింబయ్య సారును సర్పంచ్ జెయ్యిండ్రి, కాలువ కొసదాంక నీళ్లిడుస్త' అన్నడు."

"జరంల అన్నడు."

"జరంలనన్న అన్నడు గద సారూ! తూము కాడ ఆయన మనిషే ఉండె. మా కొస పొలాలల్ల చెరుకు నిలవడ్డకాడనే ఎండవట్టె. ఇంక ఇరవై రోజులైతె పొయ్యిలకే."

"ఇంగ్లండుల ఒక రాజుండె హన్మండ్లూ. ఎనిమిది తొమ్మిది వందల ఏండ్ల కింద..."

"సురువైంది క్లాసు."

"ఆర్చిబిషప్పంటె అక్కడి పాదిరీలందరికి పెద్ద. ఆయన సచ్చిపోతె గద్దె ఖాళీగ ఉంచి, దాని భూముల పంట నాలుగేండ్లు రాజే తిన్నడు. అటెన్క జరమొచ్చింది."

"మన పటేల్ లెక్కనే!"

"రాజుకు నరకం యాదికొచ్చింది. ఆన్సెల్మ్ అని ఒక ముసలి సన్యాసిని పట్టుకోని, ఇగ నువ్వే పెద్దవన్నడు. ఆయన పిడికిలి బిగవట్టిండు. తోటి పాదిరీలు వేళ్లు ఇప్పి, అధికారపు కర్ర చేతుల ఇరికియ్య జూసిండ్రు. 'రాజసొంటి పొగరు ఎద్దుకు నాసొంటి ముసలి గొర్రెను జతగట్టి దున్నుతరా' అన్నడు."

"నవ్వొస్తుంది సారూ. గని ఒప్పుకున్నడా?"

"ఒప్పించిండ్రు."

"రాజు?"

"బతికిండు. జరం దిగంగనె అన్న మాటలన్ని మర్సిండు."

"ఇన్నవా తమ్మీ? ఈ ఇల్లు పటేల్‌ది. రేపు లేసి పొండ్రంటె, ఈ వయసుల ఏడికి పోవాలె?"

"గా ముసలాయన ఏం జేసిండు సారూ?"

"కొట్లాడిండు. రెండుసార్లు దేశమిడిసి పోయిండు, రెండుసార్లు మర్లొచ్చిండు."

"గెల్సిండా?"

"సగం. నాకు గా సగానికి గూడ ఓపిక లేదు హన్మండ్లూ. పటేల్ లేసినంక రా. అప్పుడు గూడ గిదే మాటంటె సూద్దాం."

"లేసినంకనా సారూ..."

"ఏంది, తలకాయ దించినవ్?"

"లేసిండు సారూ."

"ఎవరు?"

"పటేల్. మొన్ననే లేసిండు. జొన్నరొట్టె తిన్నడు. మాట వాపస్ తీస్కుండు. వాళ్ల బామ్మర్దిని నిలవెడ్తడట."

"మరి ఈ తాంబూలం?"

"మాది. కొస పొలాలోళ్లం, అరవై ఇండ్లోళ్లం కూడి తెచ్చినం."

"నాతోని అబద్ధమాడినవా?"

"అబద్ధం కాదు సారూ. మొత్తం చెప్పలే, గంతే."

"తీస్కపో. నాతోని గాదు. ఏమే, నువ్వన్న చెప్పు."

"జరం మాట నమ్మొద్దనే నేను గింతసేపు అన్న. వీళ్లకు జరం లేదు గద. చెయ్యి సాపుండ్రి. పటేల్ ఇల్లిడువుమంటె సామాను నేను సదురుత."